కార్డు కోసం చేసుకున్న తమ్ముడు

కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను తరచూ అడుగుతుంటారు: "అన్నా, ఆ పెద్ద హోల్‌సేల్ షాపులో మెంబర్‌షిప్ తీసుకుంటే గిట్టుబాటు అవుతుందా?" చాలా చిన్న ప్రశ్న. దానికి జవాబు చెప్పే ముందు నేను మంచినీళ్ళు తాగుతాను. తర్వాత కుర్చీ చూసుకుని కూర్చుంటాను. మా ఆవిడ "మళ్ళీ మొదలెట్టాడు" అనుకుంటూ లోపలికి వెళ్ళిపోతుంది. మీరు మాత్రం వెళ్ళకండి. ఒక ప్లాస్టిక్ కార్డు కోసం ఇద్దరు చదువుకున్న కుర్రాళ్ళు, ఎవరూ తరమకుండానే, తమని తామే కెనడా నుంచి గెంటేయించుకోబోయిన ఘోరం చెప్తాను. ఆ ఇద్దరిలో తెలివైనవాణ్ణి నేను. దాన్నిబట్టి మిగతాది మీరే ఊహించుకోండి.

అవి మన విద్యార్థులు విమానాల కొద్దీ దిగిపోతున్న రోజులు. మేముండే వాన్ అనే ఊళ్ళో ఏ ఇంటి బేస్‌మెంట్ తలుపు తట్టినా లోపల్నుంచి తెలుగులోనే "ఎవరూ?" అని వినిపించేది. మాదీ అలాంటి బేస్‌మెంటే. పైన ఇంటివాళ్ళు శర్మ అంకుల్, లలిత ఆంటీ. కాకినాడవాళ్ళు. అంకుల్ ఇక్కడ కరెంటు ప్లాంటులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కింద మేం ముగ్గురం. నేను, అంటే ఖమ్మం రఘు. రెండోవాడు కరీంనగర్ సందీప్. మూడోవాడు నాయుడు. అతనెప్పుడూ నైట్ షిఫ్టులో ఉండేవాడు కాబట్టి గుమ్మం దగ్గర బూట్ల జతగా తప్ప మాకు పెద్దగా పరిచయం లేదు. మా క్లాస్‌మేట్ వెంకట్ది నరసరావుపేట. వాడు రెండు వీధుల అవతల ఇంకో బేస్‌మెంట్‌లో ఉండేవాడు.

నేనూ, సందీపూ, వెంకటూ కాలేజీ ముగించి వర్క్ పర్మిట్‌కి అప్లై చేసి కూర్చున్నాం. ఆ పర్మిట్ వస్తే ఉద్యోగం. రాకపోతే సూట్‌కేసు. మధ్యలో ఇంకేమీ లేదు. అందుకని ఆ రోజుల్లో మేం భయపడని విషయం లేదు. బస్సులో ఎవరైనా యూనిఫామ్‌లో ఎక్కితే భయం. లైబ్రరీ పుస్తకం ఆలస్యమైతే భయం. సందీప్ అయితే నడిరోడ్డు మీద ఒక్క కారు కూడా లేకపోయినా, సిగ్నల్ పడేదాకా మంచులో విగ్రహంలా నిలబడేవాడు. "నీకేంరా, నువ్వు దాటుతవ్. రేపు రికార్డుల ఎక్కితే ఎవడు చూస్కుంటడు?" అనేవాడు.

అలాంటి మనుషుల మధ్య నేను మెంబర్‌షిప్ సంగతి ఎత్తాను.

"బియ్యం, నూనె, గుడ్లు, చికెన్, అన్నీ అక్కడ చవకరా," అన్నాను.

సందీప్ వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసి చూపించాడు. మా ముగ్గురికీ ఒకటే ఫ్రిజ్, తలా ఒక అర. నా అరలో ఒక పెరుగు డబ్బా, సగం ఉల్లిపాయ ఉన్నాయి. "అక్కడ అమ్మేది పెట్టెడు గుడ్లు. ఏడ పెడ్తవ్? నా అరల పెట్టినవనుకో, ఆమ్లెట్ ఏస్కొని తింట. తర్వాత నన్ను అడగొద్దు."

మాటకి మాట పెరిగి, తీర్పు కోసం పైకి వెళ్ళాం. శర్మ అంకుల్ ఆ షాపులో ఎప్పట్నుంచో మెంబరు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చాలా గంభీరంగా చెప్పారు.

"చూడు బాబూ, తినే నోళ్ళు ఎక్కువుంటే గిట్టుబాటు. లేదా కొనేవాడికి నిగ్రహం ఉంటే గిట్టుబాటు. మా ఇంట్లో ఈ రెండూ లేవు. మీ ఆంటీ పాలకని వెళ్ళి పడవ తెచ్చింది."

"పడవేంటి అంకుల్?"

"కయాక్. గరాజ్‌లో ఉంది, వెళ్ళి చూడు. కారు బయట మంచులో ఉండి, పడవ లోపల వెచ్చగా ఉంది."

"సేల్‌లో ఉందండీ!" వంటింట్లోంచి ఆంటీ కేక వేశారు.

"నీకు ఈత రాదు కదే!"

"వస్తే పడవెందుకండీ?"

అంకుల్ నా వైపు తిరిగి, "ముగ్గురు మగపిల్లలకి గిట్టదయ్యా. ఆరుగురుంటే ఆలోచించచ్చు," అన్నారు.

మామూలు మనిషైతే అక్కడితో ఆ ఆలోచన మానుకునేవాడు. నేను మాత్రం "నోళ్ళు తక్కువయ్యాయి, అంతే కదా" అనుకుంటూ మెట్లు దిగాను. ఆ షాపులో ఒక మెంబర్‌షిప్ తీసుకుంటే, అదే ఇంట్లో ఉండే ఇంకొకరికి హౌస్‌హోల్డ్ కార్డు ఉచితం. ఆ రెండో కార్డు వెంకట్‌కి ఇప్పిస్తే వాడి బేస్‌మెంట్‌లోవాళ్ళకీ సరుకులొస్తాయి. ఒక ఫీజు, రెండు బేస్‌మెంట్లు, కావలసినన్ని నోళ్ళు. ఇంత గొప్ప ఆలోచన వచ్చినందుకు నాకు నేనే చెయ్యి కలుపుకోవాలనిపించింది.

వెంకట్‌ని తీసుకుని షాపుకి వెళ్ళాను. మెంబర్‌షిప్ కౌంటర్‌లో ఆవిడ మా పాస్‌పోర్టులు చూసి, నవ్వుతూ అడిగింది. "ఇద్దరిదీ ఒకే అడ్రసేనా?"

అక్కడ "కాదండీ" అని ఉంటే ఇవాళ మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

"ఒకే అడ్రస్," అన్నాను. అంతటితో ఊరుకున్నానా? ఆవిడ అడగకుండానే, "మా తమ్ముడు," అని కూడా చేర్చాను. వెంకట్ నాకంటే జానెడు పొడుగు, వయసులో ఏడాది పెద్ద. వాడు నా వంక చూసిన చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఆవిడ మాత్రం "ఎంత బాగుందో" అని ఫోటో తీసుకుంది. నవ్వమంటే, వీసా ఫోటోల అలవాటు కొద్దీ వెంకట్ ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు.

ఇంటికొచ్చి బియ్యం బస్తా దించుతూ ఈ ఘనకార్యమంతా సందీప్‌కి చెప్పాను. వాడు నవ్వలేదు. మెల్లగా మంచం మీద కూర్చున్నాడు.

"అడ్రస్ అబద్ధం చెప్పినవా?"

"షాపేరా బాబూ అది."

"తమ్ముడని గూడ చెప్పినవా?"

"ఊరికే అన్నానురా."

"కంప్యూటర్ల ఎక్కించిన్రా, లేదా?"

"ఎక్కించారు."

"అయితే అయిపాయె," అన్నాడు. "దీన్నేమంటరో ఎరుకేనా? మిస్‌రెప్రజెంటేషన్."

చిన్నప్పుడు మనల్ని బూచాడి పేరు చెప్పి పడుకోబెట్టేవారు కదా. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళకి మిస్‌రెప్రజెంటేషన్ అలాంటి మాట. ఊళ్ళో కన్సల్టెన్సీవాడి దగ్గర్నుంచి ఇక్కడి సీనియర్ల దాకా అందరూ ఆ మాట చెప్పి బెదిరించినవాళ్ళే. ఇమ్మిగ్రేషన్‌వాళ్ళకి అబద్ధం చెప్పినట్టు తేలితే అప్లికేషన్ పోతుంది, ఐదేళ్ళపాటు ఈ దేశం వైపు చూడనివ్వరు.

"గుడ్ల షాపుకీ ఇమ్మిగ్రేషన్‌కీ సంబంధమేంట్రా?" అన్నాను.

"ఈ దేశంల కంప్యూటర్లన్నీ ఒకదానితోని ఒకటి మాట్లాడుకుంటయ్," అన్నాడు సందీప్. ఆ సంగతి వాడికి ఎవరు చెప్పారని మేం అడగలేదు. భయంలో ఉన్నప్పుడు ఎవరు ఏది చెప్పినా నిజమే అనిపిస్తుంది.

ఆ రోజు నుంచి నాకు షాపుకి వెళ్ళడమంటే కోర్టుకి వెళ్ళినట్టే ఉండేది. ఎవరైనా గమనిస్తున్నారేమోనని, అరల మధ్య నడుస్తూ "బ్రదర్, ఆ చీజ్ తియ్యి బ్రదర్" అని వెంకట్‌ని పెద్దగా ఇంగ్లీషులో పిలిచేవాణ్ణి. వెంకట్ పళ్ళు కొరుకుతూ తీసేవాడు. బయటికి వచ్చే తలుపు దగ్గర ఒక పెద్దాయన బిల్లు చూసి, బండిలో సరుకు చూసి, బిల్లు మీద మార్కర్‌తో గీత గీసి పంపుతాడు. ఆయన మార్కర్ ఎత్తిన ప్రతిసారీ నేను బండి వెనక్కి జరిగేవాణ్ణి. ఒకసారి నేను ఒంటరిగా వెళ్తే, ఆయన గీత గీస్తూ, "ఇవాళ తమ్ముడు రాలేదా?" అని అడిగాడు. ఇంకెవరైనా అయితే పలకరింపు అనుకునేవారు. నేను విచారణ అనుకున్నాను. "ఇంట్లో ఉన్నాడు! మా ఇద్దరికీ ఒకే ఇల్లు!" అని అరిచినంత పని చేసి, బండి తోసుకుంటూ పరుగెత్తాను. సగం దారిలో గుడ్ల పెట్టె జారి పడింది. ఆగి తీసుకునే ధైర్యం లేక అక్కడే వదిలేసి బస్సెక్కాను.

తర్వాత వారంలో వాయిస్‌మెయిల్ వచ్చింది. "మీ హౌస్‌హోల్డ్ కార్డు విషయంలో చిన్న సమస్య ఉంది. ఇద్దరూ ఫోటో ఐడీలతో ఒకసారి మెంబర్‌షిప్ కౌంటర్‌కి రండి."

నవ్వొచ్చే సంగతే, కానీ ఆ పూట నాకు నవ్వు రాలేదు. రెండేళ్ళు మంచులో తిరిగి, గోడౌన్లలో పెట్టెలు మోసి చదివిన చదువు ఒక పెట్టెడు గుడ్ల కోసం పోయిందనుకున్నాను. ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో కూడా మనసులో తయారు చేసుకున్నాను: "అమ్మా, కంగారు పడకు, గుడ్ల దగ్గర పట్టుబడ్డాను."

వెంటనే వెంకట్‌ని పిలిపించాం. ముగ్గురం వంటింట్లో నిలబడి సమావేశం పెట్టాం.

"కార్డు క్యాన్సిల్ చేయించేద్దాం," అన్నాను.

"సాక్ష్యం మాయం చేస్తున్నరంటరు," అన్నాడు సందీప్.

"పోనీ తప్పయిందని ఒప్పుకుంటే?"

"నేరం ఒప్పుకున్నట్టయితది."

"నన్నెందుకు లాగావురా దీంట్లోకి?" అన్నాడు వెంకట్. "నేను గుడ్లు కూడా తిననురా. శనివారాలు, కార్తీక మాసం, ఎన్ని మొక్కులున్నాయి నాకు!"

అప్పుడు నాకు రెండో గొప్ప ఆలోచన వచ్చింది. మొదటిది ఏం చేసిందో చూశాక కూడా నేను దాన్ని ఆపుకోలేదు.

"అబద్ధమైతేనే కదా తప్పు? నిజం చేసేద్దాం. వెంకట్, నువ్వు ఇక్కడికి మారిపో. అప్పుడు అడ్రస్ ఒకటే అవుతుంది. ఎవడొచ్చి చూసినా మనం ఒకే ఇల్లు."

"ఏందిరా నువ్వనేది? నాది కిటికీ ఉన్న రూమురా!" అన్నాడు వెంకట్, తల పట్టుకుని. బేస్‌మెంట్లలో ఉన్నవాళ్ళకి తెలుసు కిటికీ విలువ. మా రూములో పగలో రాత్రో తెలియాలంటే ఫోన్ చూసుకోవాలి.

"కిటికీ కావాల్నా, పర్మిట్ కావాల్నా?" అన్నాడు సందీప్.

వెంకట్ ఆఖరికి పర్మిట్ కావాలన్నాడు.

ఇక అంకుల్ అనుమతి. బేస్‌మెంట్ ముగ్గురికే అని ఆయన మొదటే గట్టిగా చెప్పి ఉన్నారు. నాలుగోవాణ్ణి తెస్తామంటే నలుగుర్నీ పొమ్మంటారేమోనన్న భయంతో, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. మందలిస్తారనుకున్నాను. ఆయన మొహం పాలిపోయింది.

"ఏవిటీ? మా ఇంటి అడ్రసు ఇచ్చావా? నా కార్డుదీ ఇదే అడ్రసు కదయ్యా! ఇప్పుడు నాది కూడా పీకేస్తే?"

"మంచిదే, ఇంకో పడవ రాదు," అంది వంటింట్లోంచి ఆంటీ గొంతు, ఆయన తర్వాత అనబోయే మాట తనే అనేస్తూ.

"నువ్వుండవే!" అని అంకుల్ లేచి నిలబడ్డారు. "అబ్బాయిని ఇవాళే రమ్మను. అధికారుల దగ్గరికి ఒంటరిగా వెళ్ళకూడదు. రేపు నేనూ వస్తాను."

"నేనూ వస్తానండీ, పాలు కూడా..."

"నువ్వొద్దు," అన్నారు అంకుల్.

ఆ సాయంత్రమే వెంకట్ రెండు సూట్‌కేసులు, ఒక కుక్కరు, ఒక దేవుడి పటంతో దిగాడు. వాడి కిటికీ రూముని గంటలోనే ఎవరో తీసుకున్నారట, అది చెప్పేటప్పుడు మాత్రం వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తెల్లారి నాయుడు డ్యూటీ నుంచి వచ్చి, తన పరుపు మీద కొత్త మనిషిని చూసి, తప్పు ఇంట్లోకి వచ్చాననుకుని "సారీ అండీ" అని బయటికి వెళ్ళి, గుమ్మం మీద నంబరు చూసుకుని మళ్ళీ వచ్చాడు.

వెళ్ళే ముందు సందీప్ మమ్మల్ని పక్కపక్కన కూర్చోబెట్టి ఆఫీసర్‌లా ప్రశ్నలడిగాడు.

"మీ నాయిన పేరేంది?"

"సత్యనారాయణ," అన్నాను నేను.

"కోటేశ్వరరావు," అన్నాడు వెంకట్.

"గట్లయితే ఎట్లరా? ఇద్దరు కలిసి ఒక్క నాయినను ఖాయం చేస్కోన్రి."

"మా నాన్నని మార్చడానికి నేను ఒప్పుకోను," అన్నాడు వెంకట్. "ఇప్పటికే కిటికీ వదులుకున్నా."

చాలాసేపు వాదులాడుకుని, కజిన్ బ్రదర్స్ అని చెప్పుకోవడానికి రాజీ కుదిరింది. మన దగ్గర పెదనాన్న కొడుకుని కూడా తమ్ముడనే అంటాం కదా అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. వెంకట్‌కి పెదనాన్న లేడన్న సంగతి ఎవరూ గుర్తు చేసుకోలేదు.

అంకుల్ కోటు వేసుకుని, టై కట్టుకుని కారు తీశారు. కౌంటర్ దగ్గర అదే ఆవిడ ఉంది. ఆవిడ నోరు తెరవక ముందే అంకుల్ ముందుకి జరిగి ఇంగ్లీషులో ప్రసంగం మొదలుపెట్టారు.

"మేడమ్, నేను ఇంటి యజమానిని. ఈ కుర్రాళ్ళిద్దరూ నా ఇంట్లోనే ఉంటున్నారు. వీళ్ళ నడవడికకి నాదే బాధ్యత. మా ఇంట్లో ఎలాంటి అక్రమాలూ జరగవు."

ఆవిడ మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది. "చాలా సంతోషం. నేను ఫోన్ చేసింది ఫోటో కోసం. ఇతని ఫోటో మా సిస్టంలో సేవ్ కాలేదు. ఇంకోసారి తీస్తే సరిపోతుంది."

ఇక్కడైనా నేను నోరు మూసుకోవాలా వద్దా?

"మేం అన్నదమ్ములం," అన్నాను. "అంటే, కజిన్స్. అంటే, మా వైపు అలాగే అంటారు..."

"మీరు అన్నదమ్ములు కానక్కర్లేదండీ," అందావిడ జాలిగా. "స్నేహితులైనా ఫర్వాలేదు. ఒకే ఇంట్లో ఉంటే చాలు."

"ఉంటున్నాం!" ముగ్గురం ఒక్కసారే అరిచాం. లైన్లో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఎంత హాయిగా ఉందనుకున్నారు! ఆ కౌంటర్ దగ్గర నేను చెప్పిన మొదటి నిజం అదే. వెంకట్ ఈసారి ఫోటోకి ముప్పై రెండు పళ్ళూ కనిపించేలా నవ్వాడు. అంకుల్ తన కార్డు తీసి చూసుకుని, తుడిచి, జాగ్రత్తగా పర్సులో పెట్టుకున్నారు.

ఆ సంతోషంలో బల్లంత కేకు కొన్నాం. దాన్ని బేస్‌మెంట్‌లోకి దించడానికి నలుగురం పట్టాల్సి వచ్చింది. ఆంటీ కూడా ప్లేట్లు పట్టుకుని కిందికి వచ్చారు. సందీప్ కత్తి తీసుకుని మొదటి ముక్క వెంకట్‌కి పెట్టాడు. రెండో ముక్క కోయబోతూ ఆగిపోయాడు.

"అరే వెంకట్. నీ పర్మిట్ అప్లికేషన్ల అడ్రస్ ఏమున్నది?"

"పాతదే," అన్నాడు వెంకట్, నోటి నిండా కేకుతో.

"ఇల్లు మారినవని వాళ్ళకు చెప్పినవా?"

వెంకట్ నమలడం ఆపేశాడు. నా చేతిలో ప్లేటు వంగిపోయింది.

"అంటే," అన్నాడు సందీప్ కత్తి కింద పెట్టి, ఒక్కో మాటా విడివిడిగా, "షాపోళ్ళకు చెప్పిన అబద్ధాన్ని నిజం చేయనీకి పోయి, ఇమ్మిగ్రేషనోళ్ళకు చెప్పిన నిజాన్ని అబద్ధం చేసిన్రు."

అంకుల్ నెమ్మదిగా ప్లేటు బల్ల మీద పెట్టి, "నాకు బీపీ మాత్ర వేసుకునే టైమైందయ్యా," అని మెట్లెక్కి వెళ్ళిపోయారు. వెంకట్ నా వైపు చూశాడు. ఆ చూపులో తమ్ముడు లేడు, స్నేహితుడు లేడు, కిటికీ పోగొట్టుకున్న మనిషి ఒక్కడే ఉన్నాడు.

కేకు చేతులు కడుక్కోకుండానే లాప్‌టాప్ తెరిచి, ఇమ్మిగ్రేషన్ సైట్లో అడ్రస్ మార్పు పంపించాం. టీ కాగేంత సేపట్లో అయిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు. కాకపోతే ఎవరూ ఏమీ అడగరని మాకు పర్మిట్లు వచ్చేదాకా తెలియలేదు కాబట్టి, అప్పటివరకూ ముగ్గురం తిన్న తిండి ఒంటికి పట్టలేదు. అందరికంటే ముందు పర్మిట్ వెంకట్‌కే వచ్చింది. ఆ రోజు వాడు నన్ను గట్టిగా కౌగిలించుకుని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "ఇక నన్ను జన్మలో తమ్ముడని పిలిస్తే తంతా," అన్నాడు.

కాబట్టి తమ్ముళ్ళారా, క్షమించాలి, మిత్రులారా, మెంబర్‌షిప్ గిట్టుబాటవుతుందో లేదో నాకు తెలియదు. మీ అందరి ఎదుటా కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం మాత్రం చేస్తున్నాను. ఈ దేశంలో ఏ కౌంటర్ దగ్గరైనా సరే, అడిగినదానికే జవాబు చెప్తాను. చెప్పేది నిజమే చెప్తాను. అడగని బంధువుని ఒక్కణ్ణి కూడా, అరకిలో వెన్న ఉచితంగా ఇస్తామన్నా సరే, నా కుటుంబంలో చేర్చుకోను.